బాపు తుపాకీ, ఒక అంకె తేడా

2022 కార్తీకంలో బాపు పోయాడు. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టి ఇంటికి వచ్చాక చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, "బీరువల తుపాకి ఉన్నది కదరా. దాన్ని నువ్వు ముట్టకు. ముందుగాల ఠాణాకు ఫోన్ చెయ్యి" అన్నాడు. ఆ దుఃఖంలో ఆ మాట కటువుగా తోచింది. ఆ రోజు ఇంట్లో చట్టం తెలిసి మాట్లాడింది ఆయనొక్కడే అని తర్వాత అర్థమైంది.

లైసెన్సు బాపు పేరు మీదిది. ఆయన పోయాక ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకునే హక్కు మాకెవరికీ లేదు. 1959 ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది: ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. "మా నాయిన వస్తువు, మా ఇంట్ల ఉంటే తప్పేంది" అనుకుని ఏళ్లకేళ్లు బీరువాలో ఉంచేసి, చివరికి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలున్నాయి. ఇది చదువుతున్న వాళ్ల ఇంట్లో అలాంటిది ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. కానిస్టేబుల్ వచ్చి, రసీదు రాసిచ్చి తీసుకుపోయాడు. ఆ రసీదును లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

మాది నర్సంపేట దాటాక పాకాల అడవి అంచున ఉన్న ఊరు. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల మంద ఒక్క రాత్రి చేన్లో పడితే అరెకరం నేలమట్టం. బాపు 1983లో లైసెన్సు తీసుకుని 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, కొన్నది ఆ బాధ పడలేకే. పందిని మాత్రం ఆయన ఎన్నడూ కాల్చలేదు. దానికి వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి ఉండాలి, తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. మంచె మీద నుంచి ఒక్కటి పేలిస్తే ఆ చప్పుడుకే మంద మళ్లేది.

తర్వాత అన్నల, అంటే నక్సలైట్ల, కాలం వచ్చింది. లైసెన్సు తుపాకులున్న ఇళ్లకు రాత్రిళ్లు దళాలు వచ్చి ఎత్తుకుపోతుంటే, చాలామంది తెచ్చి ఠాణాల్లో పెట్టేశారు. బాపుది కూడా ఏళ్ల తరబడి ఠాణాలోనే ఉంది. ఆ లైసెన్సు పుస్తకం ఎన్ని చేతులు మారిందో, ఎన్నిసార్లు పేజీలు నిండి కొత్త పుస్తకంలోకి ఎక్కిందో లెక్క లేదు. ఎక్కించిన ప్రతిసారీ ఎవరో ఒకరు తుపాకీ నంబరును చేత్తో తిరగరాశారు. నా ఏడాదిన్నర తిరుగుడుకు మూలం అక్కడే ఉంది.

వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలు 2016 ఆయుధ నిబంధనల్లోనే ఉంది. తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మా అవ్వ, చెల్లె, తమ్ముడు తమకు అభ్యంతరం లేదని నోటరీ ముందు రాసిచ్చిన స్టాంపు కాగితాలు, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ భద్రత శిక్షణ సర్టిఫికెట్, ఇంట్లో తాళం వేసే చోటు చూపిస్తానని హామీ, చలానా. ఊళ్లో విచారణకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఇరుగుపొరుగును అడిగి, నా మీద కేసులేమీ లేవని రాసుకుపోయాడు. ఇవన్నీ ఓపికగా తిరిగితే అయ్యే పనులే. నిజానికి లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదకు మార్పించుకునే వీలుంది. బాపు విషయంలో ఆ రెండోది ఎప్పుడో నిండింది. మాకు తెలియలేదు. తెలిసి ఉంటే నంబరు తప్పును ఆయనే నిలబడి సరిచేయించుకునేవాడు.

నంబరు తప్పు పరిశీలనలో బయటపడింది. గొట్టం మీద చెక్కిన నంబరు 2714. లైసెన్సులో 2774. "నీ తుపాకి, నీ లైసెన్సు కలుస్తలేవు తమ్మీ. ఇది మీ నాయినదే అనేదానికి ఏమున్నది?" అని ఆఫీసులో అడిగితే నాకు నోట మాట రాలేదు. చట్టం ప్రకారం చూస్తే వాళ్ల ప్రశ్న సరైనదే. తయారీదారు పేరు, నంబరు చెక్కి లేని తుపాకీని అమ్మడమే నేరం. ఆ నంబరే దాని గుర్తింపు. అది తేడా వచ్చిందంటే, కాగితాల లెక్కన మా ఇంట్లో ఉన్నది ఎవరిదో తెలియని తుపాకీ.

లైసెన్సు మొదటి పేజీలో, వెలిసిపోయిన ముద్రలో, అమ్మిన దుకాణం పేరు కనబడింది. వరంగల్‌లోనే ఉంది, ఇంకా నడుస్తోంది. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, ఆయనకూ డెబ్బై దాటాయి. అందరూ సేటు అంటారు. విషయం చెప్పగానే, "1983 అంటివా? మా నాయిన రాసిన దస్తర్లు ఉన్నయి. కూసో బిడ్డా" అని లోపలికి వెళ్లాడు. బయటికి తెచ్చిన రిజిస్టరుకు ఎర్ర గుడ్డ అట్ట, అంచులు చెదలు కొట్టాయి.

ఆ గంటన్నరలో ఆయన చెప్పింది నాకు అంతవరకు తెలియని లోకం. మా తుపాకీ బీహార్‌లోని ముంగేర్‌లో తయారైంది. 18వ శతాబ్దంలో మీర్ ఖాసిం తన రాజధానిని అక్కడికి మార్చి ఆయుధాల కర్మాగారం పెట్టిన నాటి నుంచి ఆ ఊరికి తుపాకుల పనితనం ఉంది. లైసెన్సున్న చిన్న చిన్న తయారీ సంస్థలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, జమ్మూలో కూడా. ఏడాదికి ఇన్నే చేయాలని ఒక్కో సంస్థకు కోటా ఉంటుంది. ఇవి కాక సర్కారు ఫ్యాక్టరీలు: కాన్పూర్, ఇషాపూర్, తిరుచ్చి. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలన్నీ ఏడు కంపెనీలయ్యాయి, తుపాకులు కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వచ్చాయి. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడిమి నుంచి మామూలు జనానికి లేదు. అందుకే దుకాణంలో కనబడే విదేశీ తుపాకీ చాలావరకు ఎవరో తాత కాలంలో కొన్నదే, చేతులు మారి వచ్చిందే.

డల్లాస్‌లో ఉన్న మా చిన్నాయన కొడుకు ఫోన్లో ఇదంతా విని ఆశ్చర్యపోయాడు. అక్కడ తయారీ కంపెనీకి, వీధి దుకాణానికి నడుమ పెద్ద హోల్‌సేల్ పంపిణీదారులుంటారు. దుకాణంవాడికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. కొనేవాడు 4473 అనే ఫారం నింపితే దుకాణంవాడు గత చరిత్ర ఆరా తీస్తాడు, చాలాసార్లు నిమిషాల్లో జవాబు వస్తుంది. ఇక్కడ విచారణంతా మనిషి దుకాణం మెట్లెక్కక ముందే అయిపోవాలి. లైసెన్సు చేతికొచ్చాకే కొనడం. దుకాణం వరకు సరుకు వచ్చే తీరు కూడా వేరు. తయారీదారు నుంచి లైసెన్సున్న డీలర్‌కు, లేదా పెద్ద డీలర్ నుంచి మాలాంటి జిల్లా డీలర్‌కు అంటాడు సేటు. ఏ కంపెనీవి, ఏ నంబర్లవి, ఎన్ని, ఎక్కడికి పోతున్నాయో రవాణా అనుమతిలో ఉంటుంది. సరుకు దిగినంక దుకాణంవాడు ఒక్కొక్క నంబరు చదివి ఆ కాగితంతో సరిచూసుకుని స్టాక్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి.

"మా నాయిన కాలంల రైలు పార్సిల్ వస్తుండె. జమాల్‌పూర్‌ల ఎక్కిచ్చిన పెట్టె కాజీపేటల దిగేది. పెట్టె తెరిచే నాడు దుకాణం షట్టర్ సగం దించి, మా అన్న నంబరు చదువుతుంటే నాయిన రాస్తుండె. నాకప్పుడు పక్కన నిలవడి దీపం పట్టుడే పని." ఇది చెప్తూ ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. 1983 వైశాఖంలో ఆరు తుపాకులు దిగాయి. నాలుగో వరుసలో మాది. ఏ సంస్థది, ఎంత బోర్, నంబరు, ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది, వాళ్ల లైసెన్సు నంబరు. చివరి గడిలో బాపు సంతకం, ఇంకా ముప్పై నిండని కుర్రవాడి గుండ్రటి తెలుగు.

నంబరు దగ్గర వేలు పెట్టి సేటు ఆగాడు. వాళ్ల నాయిన ఏడు రాస్తే నడుమ అడ్డగీత కొట్టేవాడు. రెండో అంకెకు ఆ గీత ఉంది. మూడో అంకెకు లేదు. పైన చిన్న కొక్కెం ఉన్న ఒకటి అది. లైసెన్సులోకి ఎక్కించిన వాళ్లెవరో ఆ కొక్కెం చూసి ఏడు అనుకున్నారు. తర్వాత ముప్పై ఏళ్లు అందరూ ఆ ఏడునే దిద్దుకుంటూ పోయారు. జాతీయ డేటాబేస్‌లోకి కూడా అదే ఏడు ఎక్కింది.

ఆ పేజీ నకలు మీద సేటు ముద్ర వేసి సంతకం చేసిచ్చాడు. దాన్ని, అప్పగింత రసీదును, గొట్టం మీది నంబరు ఫోటోను కలిపి సవరణకు అర్జీ పెట్టాను. పోలీసుల్లో తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరర్ తుపాకీని విప్పి చూసి, గొట్టం మీద నంబరు దిద్దిన గుర్తులేవీ లేవని రాశాడు. అంతా అయిపోయింది అనుకునేలోపు 2023 అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్సున్న వాళ్లే తుపాకులు తెచ్చి అప్పగించే రోజులవి, కొత్త లైసెన్సు ఊసు ఎవరు ఎత్తుతారు? అది ముగిసి ఫైలు కదిలేసరికి 2024 మార్చి 16న లోక్‌సభ కోడ్. జూన్ దాటాక గానీ నా ఫైలు మళ్లీ తెరవలేదు. ఈ తిరుగుడులో ఎవరూ నన్ను చెయ్యి చాచి అడగలేదు, ఆ మాట రాయాలి. కానీ ఒక్క అంకెను సరిచేయడానికి ఎవరి సంతకం కావాలో రెండు ఆఫీసుల్లో నాలుగు రకాలుగా చెప్పారు. ఇంత పెద్ద వ్యవస్థ నంబరు మీదే నిలబడి ఉన్నప్పుడు, నంబరు తప్పు పడితే దిద్దుకునే దారిని కాగితం మీద స్పష్టంగా రాసి గోడకు అంటించాలి. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

లైసెన్సు వచ్చింది. 2019 సవరణ తర్వాత ఐదేళ్లకు ఇస్తున్నారు, అంతకుముందు మూడేళ్లే. ఒక మనిషికి ఉండగలిగే తుపాకులు కూడా మూడు నుంచి రెండుకు తగ్గాయి. తూటాలు ఎన్ని కొనుక్కోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంది, కొన్న ప్రతిసారీ దుకాణంవాడు అందులో నమోదు చేస్తాడు.

నడుమ ఠాణాలో వానకాలం చెమ్మకు పాడవుతుందని తుపాకీని అనుమతితో సేటు దుకాణానికి మార్పించాను. తీసుకునే రోజు అవ్వ కూడా వస్తానంది. సేటు దాన్ని ఇనుప బీరువాలోంచి తీసి, మడత దగ్గర విరిచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని వెలుతురుకు పట్టి చూపించి బల్ల మీద పెట్టాడు. చెక్క మీద బాపు దవడ ఆనే చోట నున్నగా అరిగిన మరక ఉంది. అవ్వ దాన్ని కొంగుతో ఒకసారి తుడిచింది.

"నంబర్ చదువు బిడ్డా" అన్నాడు సేటు, కొత్త రిజిస్టర్ తెరిచి.

"రెండు. ఏడు. ఒకటి. నాలుగు."

ఆయన రాసి, పుస్తకం నా వైపు తిప్పాడు. ఏడుకు నడుమ అడ్డగీత ఉంది. నేను లైసెన్సును పక్కన పెట్టుకుని నాలుగంకెలూ మరోసారి సరిచూసుకుని, చివరి గడిలో సంతకం చేశాను.