మిద్దె మీద వయోలాలు: లద్దె పురుగు, పేనుబంక, ఎర్రనల్లి, ఈ చలికాలం లెక్క

నవంబర్ మూడో వారంలో నర్సరీ నుంచి 24 వయోలా నారు మొక్కలు తెచ్చా. పాన్సీకి చెల్లెలు లాంటిది, పువ్వు రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది అంతే, కానీ గుత్తులు గుత్తులుగా పూస్తుంది. హైదరాబాద్‌లో వీటికి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే టైము, మార్చి ఎండకి నిలవవు, అందుకే అందులో ఒక వారం పురుగుల పాలైనా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డిసెంబర్ 20

పొద్దున్నే చూస్తే రెండు కుండీల్లో పూరేకులు కొరికేసి ఉన్నాయి. నత్తేమో అనుకున్నా కానీ నత్త పాకితే ఎండిన జిగురు చార మెరుస్తుంది కదా, అది లేదు, ఆకుల మీద ఆవగింజల్లాంటి నల్లటి పెంటికలు మాత్రం ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకి టార్చ్ వేసుకుని వెళ్తే దొరికింది, పొగాకు లద్దె పురుగు, ఒళ్ళంతా నల్ల మచ్చలు, హాయిగా పువ్వు మీద కూర్చుని తింటోంది. పగలు మట్టిలో దాక్కుంటుంది కాబట్టి మొక్క మొదట్లో వేలితో గీకినా బయటపడుతుంది. నాలుగు రాత్రుల్లో 11 ఏరి సబ్బు నీళ్ళలో వేశా, ఒక ఆకు అడుగున నూగు కప్పిన గుడ్ల ముద్ద కనిపిస్తే ఆ ఆకే తుంచేశా. ఏ మందూ కొట్టలేదు, అవసరం పడలేదు.

జనవరి 6

ఈసారి తప్పు నాదే. పువ్వులు ఇంకా రావాలని వారం వారం వేరుశనగ చెక్క నీళ్ళు పోశా, చిగుర్లు లేతగా నిగనిగలాడుతూ వచ్చాయి, వాటి మీద పేనుబంక, అంటే చిగురు రసం పీల్చే చిన్న చిన్న పురుగులు, దిగింది. మొదట మొగ్గల కింద తెల్లటి పొట్టు కనిపించింది, బూజు అనుకున్నా, భూతద్దం పెట్టి చూస్తే అవి పేనుబంక విడిచిన కుబుసాలు. కింద ఆకులు జిగురుగా ఉన్నాయి, చీమలు లైను కట్టాయి, చీమలు ఎక్కుతున్నాయంటే ముందు ఆకు తిప్పి చూడండి.

చెక్క నీళ్ళు ఆపేశా. రోజూ పొద్దున ఆకుల అడుగు నుంచి నీళ్ళు గట్టిగా కొట్టా, సగం అలాగే పోయాయి. మిగతా వాటికి లీటరు గోరువెచ్చని నీళ్ళకి 5 ఎంఎల్ వేపనూనె, ముందు నూనెని చిక్కటి కుంకుడు రసంలో తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి తర్వాతే నీళ్ళు కలపాలి, లేదంటే నూనె పైకి తేలి ఒకచోట పడి ఆకు మాడుతుంది. పొద్దు వాలాక కొట్టా, ఆరు రోజులకి ఇంకోసారి. పూరేకుల మీద పడితే మరకలు వస్తాయి కాబట్టి విచ్చిన పువ్వులు ముందే కోసేశా.

రెండోసారి కొట్టబోతుంటే ఒక కుండీలో చిన్న మొసలి పిల్లలాంటి నల్లటి పురుగు కనిపించింది, నలపబోయా, మా అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ పల్నాడులో మిరప చేల మధ్య పెరిగిన మనిషి. "చంపకమ్మా, అది అక్షింతల పురుగు పిల్ల, బంకని అదే తింటుంది" అంది. అక్షింతల పురుగంటే లేడీబర్డ్. ఆ కుండీకి వేపనూనె కొట్టలేదు, పది రోజుల్లో దాని చిగుర్లు వాటంతట అవే శుభ్రమయ్యాయి, చూస్తుంటే ఎంత సంతోషం వేసిందో.

ఫిబ్రవరి 14

ఆకులు పాలిపోయాయి, సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు. నీళ్ళు చాలట్లేదనుకుని నాలుగు రోజులు ఎక్కువ పోశా, ఏం మారలేదు. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తడితే కారప్పొడి రేణువుల్లాంటివి రాలాయి, ఒక్క నిమిషం ఆగితే అవి కదిలాయి. ఎర్రనల్లి. పురుగుమందుల షాపులో పేనుబంకకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ చేతిలో పెట్టారు, తీసుకోలేదు, నల్లి అసలు పురుగు జాతే కాదు, సాలీడు జాతి, ఆ మందుకి చావదు సరికదా దాన్ని తినేవి చచ్చి ఇంకా పెరుగుతుంది. నీళ్ళలో కలిసే గంధకం పనిచేస్తుంది కానీ ఎండలు ముదిరేటప్పుడు కొడితే ఆకు మాడుతుంది, వేపనూనె కొట్టిన రెండు మూడు వారాల్లోపు అసలు కొట్టకూడదు, అందుకే నేను దాని జోలికి పోలేదు.

నల్లి సాలెగూళ్ళలా గూళ్ళు కట్టిన 5 మొక్కలు పీకి కవర్లో కట్టి పారేశా, కంపోస్టులో వెయ్యలేదు. మిగతా 19 మధ్యాహ్నం ఎండ తగలకుండా గోడ నీడకి జరిపి మూడు రోజులకోసారి ఆకుల అడుగు కడుగుతున్నా. ఇవాళ మళ్ళీ కాగితం పెట్టి తడితే ఆకుకి రెండో మూడో రాలాయి, మొదటి రోజు లెక్కపెట్టలేకపోయా. కొత్త చిగురు పచ్చగానే ఉంది, ఊదా రంగు కుండీలో ఆరు మొగ్గలు.