పైరేట్స్ కార్డులు పిట్స్‌బర్గ్‌లో కొనకండి

న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళకి దారి చెప్పక్కర్లేదు. హారిస్‌బర్గ్ దగ్గర టర్న్‌పైక్ ఎక్కడం, సొరంగాలు, మధ్యలో ఎక్కడో కారు ఆపి ఇంటి పులిహోర తినడం. టోల్ మాత్రం ఏటా పెంచుతూనే ఉన్నారు. కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్, ఈజీపాస్, లేనివాళ్ళకైతే మరీ వాత. దర్శనం బాగా జరిగింది, క్యాంటీన్ దోశ ఎప్పటిలాగే ఉంది. ఆ సంగతి అంతే.

నా అసలు పని మన్రోవిల్‌లో. గుడికి కూతవేటు దూరంలోనే ఓ బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసిన అట్టముక్కల) షో ఉందని ముందే చూసుకున్నాను. ఆడవాళ్ళని షాపింగ్ దగ్గర దింపి, మామగారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన బ్యాంకులో బంగారం లోన్లు చూసి రిటైరైన మనిషి.

నాకు ఈ పిచ్చి ఇక్కడ ఎమ్మెస్ చదివే రోజుల్లో పట్టింది. అప్పట్లో పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు పైరేట్స్ ఆట చూడటానికి జనం రాక టికెట్లు చవగ్గా దొరికేవి. 1993 నుంచి 2012 వరకు వరసగా ఇరవై సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ ఉన్న జట్టు అది. ఇప్పటి ఆటగాళ్ళ మీద ఆశ లేనప్పుడు పాతవాళ్ళ మీదకి మనసు పోతుంది. 1960, 1971, 1979ల్లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్, గెలిచినవాళ్ళ కార్డులు ఒక్కొక్కటీ కొనడం అలా మొదలైంది.

హాల్లో అడుగుపెట్టగానే పాత అట్ట వాసన. పొడుగు టేబుళ్ళు, అద్దాల పెట్టెలు, భూతద్దాలు. ఓ మూల టేబుల్ వెనక డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన దగ్గర పైరేట్స్ పాత హీరో రాబర్టో క్లెమెంటే కార్డులు 1957 నుంచి వరసగా ఉన్నాయి. 1955 నాటి మొదటి కార్డు ఉందా అని అడిగితే నవ్వి, అది ఇంట్లో లాకర్లో ఉందనీ, అమ్మననీ చెప్పాడు.

నాకు కావలసింది టాప్స్ కంపెనీ వేసిన 1971 క్లెమెంటే కార్డు. దాని అంచులు నల్లగా ఉంటాయి. తెల్ల అట్ట మీద నల్ల రంగు కాబట్టి కాస్త గోరు తగిలినా తెల్లమచ్చ పడుతుంది. యాభై ఏళ్ళ తర్వాత అంచులు చెక్కుచెదరని కార్డు దొరకడం కష్టం, అందుకే దొరికినదానికి అంత ధర. ఆయన చూపించిన కార్డుకి మూలలు కొంచెం మెత్తబడ్డాయి, బొమ్మ ఎడమవైపుకి జరిగి ఉంది. తొంభై డాలర్లన్నాడు. అలాంటివి ఆన్‌లైన్లో ఈమధ్య అరవై, అరవై అయిదుకి పోయాయి. ఫోన్లో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూసి, "అయితే అక్కడే కొనుక్కో" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

తర్వాత టేబుల్ కింద నుంచి ఇంకో 1971 కార్డు తీశాడు. ముందునుంచి చూస్తే అంచులు నిగనిగలాడుతున్నాయి. "ఇది నలభైకే ఇస్తా, ఎందుకో చెప్పు" అని కార్డుని నిలువుగా పట్టుకుని, పక్కనుంచి దీపం వైపు తిప్పాడు. కార్డు మందం తెల్లగా ఉండాల్సినచోట సన్నటి నల్ల చారలు. ఎవరో మార్కర్ పెన్నుతో మచ్చలు కప్పేస్తే సిరా పక్కకి పాకింది. మామగారికి అది తెగ నచ్చేసింది. "గిల్టు నగ ఇలాగే దొరుకుతుంది అల్లుడుగారూ, వెనకవైపు చూడాలి" అని భూతద్దం అడిగి మరీ చూశారు. ఇక వరస ప్రశ్నలు. గ్రేడింగ్ కంపెనీలు కార్డుకి ఒకటి నుంచి పది దాకా మార్కులేసి ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తాయని చెప్పాను. ఫీజు ఎంతన్నారు. కార్డు విలువ పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుందన్నాను.

"అప్రైజరుకి బంగారం రేటుని బట్టి కమీషనా! మా బ్యాంకులో అయితే ఆడిటర్ ఊరుకోడు."

నా దగ్గర జవాబు లేదు.

పెద్దాయన మొదట ధర దించకపోవడానికి కారణం క్లెమెంటే మీది అభిమానమని మాటల్లో బయటపడింది. 1972 సెప్టెంబర్ 30న క్లెమెంటే తన కెరీర్లో మూడువేలవ హిట్ (బంతి కొట్టి అవుటవకుండా బేస్ చేరడం) కొట్టాడు. ఆ రెగ్యులర్ సీజన్లో అదే చివరిది. డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. ఆ హిట్ రోజున స్టేడియంలో ఉన్నది పదమూడు వేలమందే. పిట్స్‌బర్గ్‌లో ఆ వయసువాళ్ళని అడిగితే మాత్రం అందరూ అక్కడే ఉన్నామంటారు. ఈయన "నేను లేను, మిల్లులో షిఫ్టు" అన్నాడు. అలాంటి మనిషితో పాతిక డాలర్ల బేరం ఏమాడతాం? మొదటి కార్డు ఎనభైకి తెగింది. 1973 కార్డు కూడా తీసుకున్నాను. అది క్లెమెంటే పోయాక బజారుకొచ్చిన కార్డు. వెనకవైపు పాత చూయింగ్‌గమ్ మరక ఉందని ముప్ఫై అయిదు నుంచి ఇరవైకి తగ్గించాడు. చిన్నప్పుడు మేం బబుల్‌గమ్ కాగితాల్లోని క్రికెటర్ల బొమ్మల్ని గోడకి అన్నం మెతుకులతో అంటించేశాం. వాటికి ఏ గ్రేడు వస్తుందో మరి.

రసాలు చవగ్గా దొరుకుతాయని నూజివీడు దాకా వెళ్తే విజయవాడ రేటు కంటే ఎక్కువ చెప్పినట్టుంది వ్యవహారం. సొంత ఊళ్ళో సొంత జట్టుకి అభిమానం పన్ను పడుతుంది.

అందుకే తిరుగు ప్రయాణంలో టర్న్‌పైక్ దిగి ఆడమ్స్‌టౌన్‌లో ఆగాను. ఆదివారం కాబట్టి పాత సామాన్ల సంత నిండుగా ఉంది. అత్తగారు ఇత్తడి గిన్నెల వైపు వెళ్ళిపోయారు. ఇది ఫిలడెల్ఫియా జట్టు రాజ్యం. రిచీ ఆష్‌బర్న్ కార్డులు అద్దాల్లో ఉన్నాయి, నావాళ్ళు కిందున్న చెప్పుల డబ్బాలో పడి ఉన్నారు. 1959లో పద్ధెనిమిది ఆటలు గెలిచి ఒక్కటే ఓడిన పిచ్చర్ (బంతి విసిరేవాడు) రాయ్ ఫేస్, 1960లో పిచ్చర్లకిచ్చే సై యంగ్ అవార్డు తెచ్చుకున్న వెర్న్ లా, అదే ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు (ఎంవీపీ) అనిపించుకున్న డిక్ గ్రోట్. ముగ్గురూ కలిపి పదకొండు డాలర్లు. మన్రోవిల్‌లో ఒక్క గ్రోట్‌కే పది అడిగారు.

ఇక మిగిలింది హాల్ స్మిత్. 1960 వరల్డ్ సిరీస్ చివరిదైన ఏడో ఆటలో మజెరోస్కీ కొట్టిన చివరి హోమ్‌రన్‌ని అందరూ తలుచుకుంటారు గానీ, అంతకుముందు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టింది స్మిత్. అదీ దొరికింది. కవరు మీద "1960 వరల్డ్ సిరీస్ హీరో" అని స్టిక్కర్, ఆరు డాలర్లు. చూస్తే కార్డు మీద సెయింట్ లూయిస్ కార్డినల్స్ అని ఉంది. అదే కాలంలో, అదే పేరుతో, అదే క్యాచర్ స్థానంలో ఆడిన ఇంకో హాల్ స్మిత్. దుకాణంవాడికి చెబితే, "అయితే నాలుగుకి తీసుకో" అన్నాడు.