నల్లరేగడి మీద ఎర్రరాతి కోర్టు

డాలస్ నుంచి దక్షిణంగా 30 మైళ్లు వెళ్తే వాక్సహాచీ వస్తుంది. ఎల్లిస్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ముఖ్య పట్టణం. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉండే మా బావగారు "పాత కోర్టు చూడటానికి అంత దూరమా అమ్మా?" అన్నారు గానీ, కారు దిగాక నాకంటే ఎక్కువసేపు తలెత్తి నిలబడింది ఆయనే.

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. కౌంటీ కోర్టుహౌస్ అంటే ఒక్క కేసులే కాదు, పన్నులు, భూమి కాగితాలు, పెళ్లి లైసెన్సులు అన్నీ అక్కడే నడిచేవి. అందుకే ఊరి నడిబొడ్డున, చుట్టూ అంగళ్ల మధ్య కట్టుకున్నారు.

వాక్సహాచీ కోర్టును 1895లో మొదలుపెట్టి 1897లో పూర్తి చేశారు. బూడిదరంగు, గులాబీరంగు గ్రానైటు, మధ్యలో ఎర్ర ఇసుకరాయి పట్టీలు, గుండ్రటి కమానులు, వాటన్నిటి మీదా గడియారం టవర్. పల్లెపట్టున ఇంత దర్జా ఎలా వచ్చిందంటే, పత్తి. ఇక్కడిది నల్లరేగడి నేల. గుంటూరు రైతు అడుగు పెడితే చాలు, గుర్తుపట్టేస్తాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో పత్తి బాగా పండించే కౌంటీల్లో ఇది ముందుండేది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆర్కిటెక్ట్ జేమ్స్ రైలీ గోర్డన్ ఎండను తట్టుకున్న తీరు. అప్పటికి ఏసీల్లేవు. టెక్సస్ వేసవి మన రెంటచింతలకేం తీసిపోదు. ఆయన భవనం మూలల్లో నీడనిచ్చే వరండాలు పెట్టాడు, గాలి ఎటునుంచి వీచినా లోపలికొచ్చేలా. వేడిగాలి నడిమి టవర్ గుండా పైకి పోతుంది. మన మండువా లోగిలి చేసే పనే ఇది, కాకపోతే ఇక్కడ అంతస్తుల ఎత్తున. ఆ టవర్‌ను అందం కోసమే అనుకుని చూస్తే సగమే చూసినట్టు.

వచ్చినవాళ్లంతా వెతికేది మాత్రం స్తంభాల పైన చెక్కిన ముఖాలను. హ్యారీ హర్లీ అనే శిల్పి ఒక అమ్మాయిని ప్రేమించి మొదట ఆమె అందమైన ముఖం చెక్కాడని, ఆమె కాదన్నాక అదే ముఖాన్ని వికారంగా చెక్కుతూ పోయాడని ఊళ్లో చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని నమ్మరు. నేనూ నమ్మను. గుండ్రటి కమానులుండే ఈ శైలి రాతి భవనాల్లో వికృత ముఖాలు మామూలే. పళ్లికిలించిన ఆ రాతి ముఖాల్లో నాకు కనిపించింది చెక్కినవాడి హుషారే.

కాలం గడిచేకొద్దీ దెబ్బతిన్న ఇలాంటి కోర్టులను బాగుచేయడానికి టెక్సస్ ప్రభుత్వం 1999లో ఒక పథకం పెట్టింది. వాక్సహాచీ కోర్టు మరమ్మతులు 2002లో పూర్తయ్యాయి. వైజ్ కౌంటీలోని డెకటర్‌లో గోర్డన్ దాదాపు ఇదే నమూనాలో కట్టిన మరో కోర్టు ఉంది. వీలైతే రెండూ చూడండి.