ఏ2 ఉంటే చాలదు: రక్తంలో టి కణాలను వెతికిన నా అనుభవం

హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ (మన కణాల మీదుండే, మనిషికీ మనిషికీ మారే హెచ్‌ఎల్‌ఏ అణువు ఏ రకమో తేల్చే పరీక్ష) నివేదిక నిన్ననే చేతికి వచ్చింది. ఏ2 అనే రకం ఉన్నదని మేము ఎంచుకున్న రక్తదాతల్లో ఎక్కువమందికి ఉన్నది మా పరీక్షకు కావలసిన 02:01 అనే ఉపరకం కాదనీ, 02:11, 02:06 వంటి ఉపరకాలనీ అందులో స్పష్టంగా ఉంది. ఇన్నాళ్ళూ నా పనితనాన్ని శంకించిన వారందరి బల్లల మీదా ఆ కాగితం పెట్టి రావాలనిపించింది గాని, ఇదే పనికి దిగబోయేవారికి ఉపయోగపడుతుందని ముందు ఇది రాస్తున్నాను.

నేను బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు ఉద్యోగిని. సైటోమెగలో వైరస్‌ను, అంటే సీఎమ్‌వీని, గుర్తుపట్టే టి కణాలను, అంటే వ్యాధినిరోధక తెల్లకణాల్లో ఒక రకాన్ని, ఆరోగ్యవంతుల రక్తంలో లెక్కించడం నాకు అప్పగించిన పని. మన దేశంలో పెద్దవారిలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకి ఉంటుంది కాబట్టి, పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైనది లేదని అందరూ అన్నారు.

దాతలు దొరకడం కష్టం కాలేదు. మారతహళ్ళిలో మనవాళ్ళే కావలసినంత మంది ఉన్నారు. అంగీకార పత్రం కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉంటే తెలుగులో నేనే రాశాను, నైతిక సంఘం ఆమోదించింది. ఒక పెద్దాయన మాత్రం సంతకం పెట్టి, చేయి చాపి, "ఇంతకీ నాకేమైనా ఉన్నట్టా అమ్మా?" అని అడిగారు. "ఏమీ లేదు బాబాయిగారూ, మీ ఒంట్లోని కాపలా కణాలను లెక్కపెడతాం, అంతే" అన్నాక గాని కుదుటపడలేదు.

రక్తం నుంచి తెల్లకణాలను వేరుచేయడం కూడా తేలికే. గడ్డకట్టకుండా హెపారిన్ మందు ఉన్న గొట్టంలో తీసిన రక్తాన్ని పలుచన చేసి, 1.077 సాంద్రత గల ఫైకాల్ ద్రవం మీద గోడ వెంబడి జార్చి, బ్రేకు వేయకుండా సెంట్రిఫ్యూజ్ తిప్పితే మధ్యలో తెల్లని పొర తేలుతుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి: రక్తాన్ని ఐసు పెట్టెలో పంపవద్దని ఆసుపత్రి వారికి రాసి ఇవ్వండి. నోటితో చెబితే వినరు. చల్లబడి ఆలస్యమైన రక్తంలో గ్రాన్యులోసైట్లు అనే, మనకు అక్కరలేని వేరే రకం తెల్లకణాలు వచ్చి ఆ పొరలో కలుస్తాయి, ఆ తర్వాత చేసే పనంతా పాడవుతుంది.

అసలు చిక్కు టెట్రామర్ దగ్గర, అంటే ఈ టి కణాలకు అంటుకుని వాటిని చూపే పదార్థం దగ్గర, వచ్చింది. టి కణం వైరస్ ముక్కను ఒంటరిగా గుర్తుపట్టదు. మన కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ అణువు ఆ ముక్కను పట్టుకుని చూపిస్తేనే గుర్తుపడుతుంది. ఈ నియమాన్ని 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ ఎలుకల్లో నిరూపించి 1996లో నోబెల్ బహుమతి పొందారు. అదే 1996లో ఆల్ట్‌మన్, డేవిస్ తదితరులు హెచ్‌ఎల్‌ఏనూ వైరస్ ముక్కనూ కలిపి, అలాంటి నాలుగింటిని ఒక్కచోట బిగించి, వెలుగునిచ్చే రంగు తగిలించి టెట్రామర్‌ను తయారుచేశారు. ఒక్కటే అయితే టి కణం మీద నిలవక జారిపోతుంది, నాలుగైతే పట్టు నిలుస్తుంది. మేము కొన్నది 02:01 అణువులో సీఎమ్‌వీ పీపీ65 ప్రోటీనులోని 495 నుంచి 503 వరకున్న తొమ్మిది అమినో ఆమ్లాల ముక్కను అమర్చినది. దాతలకు ఏ2 ఉందా లేదా అన్నది బీబీ7.2 అనే యాంటీబాడీతో చూసుకుని ఎంచుకున్నాం.

రంగు అంటిన కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమీటర్ తెర మీద, సీడీ8 అనే గుర్తు ఉన్న టి కణాల పైభాగంలో విడిగా ఒక గుంపు కనిపించాలి. ఒక దాత తర్వాత ఒక దాతకు అక్కడ నాలుగు చుక్కలు చెదురుగా ఉండటం తప్ప ఏమీ లేదు. పోలిక కోసం వేరే ముక్క పెట్టిన నియంత్రణ టెట్రామర్‌లోనూ అవే నాలుగు చుక్కలు. నెలవారీ సమావేశంలో ఆ చిత్రం చూసి ఒక పెద్దమనిషి, "కణాలు కడగడం వచ్చా?" అని ఇంటర్న్‌షిప్ పిల్లల ముందు అడిగారు. చచ్చిన కణాలేమో అన్నారు, ఆ కణాలను వేరుపరిచే రంగు నేను మొదటినుంచీ వాడుతున్నానని ఆ చిత్రంలోనే ఉన్నా చూడలేదు. టెట్రామర్ అమ్మిన సంస్థ ప్రతినిధి మన నెల్లూరు వైపు అతనే. "మా సరుకులో తేడా రాదు మేడమ్, మీరు చేసే విధానంలోనే ఏదో ఉంది" అని ఫోను పెట్టేశాడు. చివరికి కొత్తగా చేరిన పిల్లలతో పాటు నన్నూ పిపెట్ పట్టడం నేర్పే తరగతికి పంపారు. నీటిని తూకం వేసి నా పిపెట్ ఎంత కచ్చితంగా పోస్తోందో చూసిన ఆ రోజు, ఆ గదిలో అందరికంటే తక్కువ తేడా నాదే వచ్చింది. ఆ సంగతి సమావేశపు నివేదికలో ఎవరూ రాయలేదు.

మా దగ్గర పనిచేస్తున్న ఒక ఐరోపా పరిశోధకుడు దాతగా ముందుకు రావడంతో దారి దొరికింది. అదే సీసాలోని టెట్రామర్, అదే రోజు, నా చేతులే. అతని రక్తంలో గుంపు తెర మీద ముద్దగా కనిపించింది. దాన్ని అదృష్టమన్నారు. అప్పుడు నేను మిగిలిన దాతల కణాలతో ఎలిస్పాట్ అనే పరీక్ష పెట్టాను. ఇందులో దాత హెచ్‌ఎల్‌ఏ ఏదో ముందుగా తెలియనవసరం లేదు. పీపీ65 ప్రోటీను మొత్తాన్ని పదిహేనేసి అమినో ఆమ్లాలుగా, పక్కపక్క ముక్కల్లో పదకొండు కలిసేలా కోసిన 138 ముక్కల మిశ్రమాన్ని కణాలకు ఇస్తే, స్పందించిన ఒక్కొక్క కణం వదిలిన ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీను అడుగున ఉన్న పొర మీద ఒక్కొక్క మచ్చగా నిలుస్తుంది. ప్లేటును రాత్రంతా కదపకుండా ఉంచితే మచ్చలు గుండ్రంగా, అంచులు చక్కగా వస్తాయి. టెట్రామర్‌లో ఏమీ చూపని దాతల బావుల (ప్లేటులోని గుంటల) నిండా మచ్చలు వచ్చాయి. ఆ మచ్చలు వేరే హెచ్‌ఎల్‌ఏల ద్వారా కూడా వచ్చి ఉండవచ్చు కాబట్టి అవి టెట్రామర్ సంగతి తేల్చవు. దాతల్లో సీఎమ్‌వీ కణాలు ఉన్నాయనీ, నా చేతుల్లో బతికే ఉన్నాయనీ మాత్రం తేలుస్తాయి. అందుకే 02:01 లాగా ఉపరకం దాకా చెప్పే నాలుగంకెల టైపింగ్‌కు పంపమని పట్టుబట్టాను.

బీబీ7.2 ఏ2 కుటుంబాన్ని గుర్తుపడుతుంది గాని ఉపరకాలను విడదీసి చెప్పదు. ఆ కుటుంబంలో ఉపరకాలు వందలకొద్దీ ఉన్నాయి. ఐరోపావారిలో ప్రధానమైనది 02:01, మనవారిలో 02:11 వంటివి తరచుగా తగులుతాయి. ఒకటి రెండు అమినో ఆమ్లాలు మారినా ముక్క కూర్చునే తీరు, టి కణం పట్టు మారవచ్చు, పట్టు అసలే దొరకకపోవచ్చు. బజారులో దొరికే టెట్రామర్లలో ఎక్కువ భాగం 02:01కే తయారవుతున్నప్పుడు, మన దాతలకు అవి సరిపడతాయా అన్న ప్రశ్న కొనేముందే అడగాలి. అమ్మేవాడు అడగడు.

కాబట్టి టైపింగ్‌ను నాలుగంకెల స్థాయిలో, కొనుగోలు ఉత్తర్వు పెట్టకముందే చేయించండి. డబ్బు లేకపోతే ఎలిస్పాట్‌తోనే మొదలుపెట్టండి. 02:01 ఉన్న ఒక దాత కణాలను అతి చలిలో గడ్డకట్టించి దాచుకుని, ప్రతిసారీ పోలికకు పక్కన పెట్టుకోండి. అమ్మకపు ప్రతినిధి చెప్పిన ప్రతి మాటనూ ఈమెయిల్‌లో రాయించుకోండి. తదుపరి బడ్జెట్‌లో నేను టైపింగ్ ఖర్చును మొదటి వరుసలో రాశాను. లెక్కల విభాగం దాన్ని అనవసరమని కొట్టేస్తే, నిన్నటి నివేదిక నకలు జతచేసి మళ్ళీ పంపుతాను.