పొర బాగుంది, లెన్సే మసకబారింది

శుక్లం ఆపరేషన్ జరిగిన కొన్నేళ్లకు నా కుడి కంటి కార్నియా, అంటే కంటి ముందుండే అద్దంలాంటి భాగం, ఉబ్బింది. అందులో చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడేసే, దాని లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలు పోతే మళ్లీ పుట్టవట. దాత కంటి నుంచి ఆ లోపలి పొర ఒక్కటే తీసి నాకు వేశారు. దాన్ని కుట్టరు, కంట్లోకి గాలి బుడగ ఎక్కించి అంటిస్తారు. ఒక అంచు ఊడిందని మళ్లీ గాలి ఎక్కించారు. రెండుసార్లూ వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యాను చూడటమే నా పని.

చూపు బాగా వచ్చింది. కొట్లో బిల్లులు నేనే రాసుకునేవాణ్ణి. ఏడాది దాటాక మళ్లీ మసక మొదలైంది. రాత్రి ఎదురుగా లారీ వస్తే దాని లైటు కన్నంతా పరుచుకునేది. దాత పొరను ఒళ్లు తిప్పికొడుతోందేమోనని ఒకటే టెన్షన్. కానీ ఎరుపు లేదు, నొప్పి లేదు. ఊళ్లో చూపిస్తే, శుక్లం తీసి పెట్టిన లెన్స్ వెనక సంచి మసకబారింది, లేజర్ కొడితే పోతుందన్నారు. కార్నియా డాక్టరుకు చూపించకుండా ఏదీ వద్దని మా అమ్మాయి పట్టుబట్టింది.

అక్కడ చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, లెన్స్ ఫొటో తెర మీద చూపించారు. ముందువైపు నడిమధ్యన, సరిగ్గా కంటిపాపంత మేర, సన్నటి ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి రేణువులు. అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అది కాల్షియం ఫాస్ఫేట్ అట. నాది హైడ్రోఫిలిక్ ఆక్రిలిక్, అంటే నీరు పీల్చే రకం లెన్స్. దాని ముందు భాగానికి గాలో గ్యాసో తగిలితే కొందరిలో ఇలా పేరుకుంటుందని చెప్పారు. లేజర్‌తో అది పోదు సరికదా, వెనక సంచికి చిల్లుపడి లెన్స్ మార్చడం ఇంకా కష్టమవుతుంది.

మార్చడమూ తేలికేం కాదు. కొత్త పొరలోని కణాలు దెబ్బతినొచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి, పాత లెన్స్‌ను లోపలే కత్తిరించి ముక్కలుగా తీశారు. ఈసారి హైడ్రోఫోబిక్, అంటే నీరు పీల్చని రకం పెట్టారు. కొన్ని వారాలు అంతా పొగమంచే. స్టెరాయిడ్ చుక్కలు, మధ్యమధ్య కంటి ప్రెషర్ చూడటం. తర్వాత బిల్లు పుస్తకం మళ్లీ నా చేతికొచ్చింది.

ఎడమ కంట్లోనూ అదే పాత రకం లెన్స్ ఉంది. దానికి గాలి తగల్లేదు కాబట్టి ఇప్పటికి తేటగానే ఉంది. కాకపోతే ఆ కార్నియాలోనూ కణాలు తగ్గుతున్నాయి. రేపు దానికీ పొర వేయాల్సొస్తే ముందే చూసుకోవాలని, డాక్టరుగారు నా ఫైలు అట్ట మీద లెన్స్ రకం ఎర్ర పెన్నుతో రాసి పెట్టారు.