ఊళ్లో లేను, బుధవారం వస్తాను

మా చిన్నప్పుడు గుడివాడలో మా వీధి చివర ఒక హోమియోపతి డాక్టరు గారు ఉండేవారు. ఆయన ఏ పెళ్లికో తిరుపతికో వెళ్తే తలుపు గొళ్లేనికి ఒక పలక వేలాడేది. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు: "డాక్టరు గారు ఊళ్లో లేరు. సోమవారం సాయంత్రం వస్తారు. తొందరైతే స్టేషన్ దగ్గర డాక్టరు గారిని చూడండి." తిరిగి రాగానే, చేతిలో సంచీ ఇంకా దించకుండానే, ఆ రాత అరచేత్తో తుడిచేసేవారు.

నిరుడు ఫిబ్రవరి 27న నేను పెట్టిన పలక సంగతి చెబుతాను.

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. సగం పని అమెరికాలోని ఒక ఏజెన్సీ నుంచి వస్తుంది, మిగతా సగం విజయవాడ ప్రచురణకర్తల నుంచి. అక్క కూతురి పెళ్లికి రాజమండ్రి ప్రయాణం. గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది, లోపల నేను జీమెయిల్ ముందు కూర్చుని ఉన్నాను. మెయిల్ రాసినవారికి దానంతటదే జవాబు వెళ్లే ఏర్పాటు ఉంది కదా, అందులో ఇంగ్లీషులో రెండు ముక్కలు కొట్టాను: పెళ్లికి వెళ్తున్నాను, 05/03న వస్తాను. అంతే, ఆటో ఎక్కాను.

మార్చి 5 ఉదయం మెయిల్ తెరిస్తే ఏజెన్సీ నుంచి ఉత్తరం. రెండు నెలల సుదీర్ఘ సెలవు హాయిగా గడవాలని కోరుతూ, రోగులకు ఇచ్చే 12 వేల పదాల కరపత్రాన్ని వేరొకరికి అప్పగించామని రాశారు. రెండు నెలలేమిటి? మళ్లీ చదివాను. అమెరికావారు నెల ముందు రాసి రోజు తర్వాత రాస్తారు. నా 05/03 వారికి మే 3. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ పూట వంటింట్లో గిన్నెల మీద చూపించాను. డేట్ ఫార్మాట్ల గురించి కస్టమర్లకు పాఠాలు చెప్పేది నేనే కాబట్టి బయటకు చెప్పుకోవడానికీ లేదు.

ప్రచురణకర్త గారితో ఇంకో తంటా. 27నే ప్రూఫులు పంపారట, వెంటనే నా ఇంగ్లీషు జవాబు వెళ్లింది. మరునాడు ఇంకో సందేహం రాశారు, ఈసారి ఉలుకూ పలుకూ లేదు. నిన్న క్షణంలో జవాబిచ్చిన మనిషి ఈ రోజు మౌనంగా ఉందంటే పారితోషికం విషయంలో అలిగిందనుకున్నారు పాపం. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఫోను చేశారు. సన్నాయి హోరులో ఆయనకు నేనేమి చెప్పానో, ఆయనకేమి వినిపించిందో!

తర్వాత తెలిసింది, ఒకే మనిషి ఎన్ని మెయిళ్లు రాసినా జీమెయిల్ ఈ జవాబును నాలుగు రోజులకు ఒక్కసారే పంపుతుందని. అందులో న్యాయముంది. ఇలాంటి జవాబు యంత్రాలు రెండు ఎదురుపడి, పట్టింపు లేకుండా ఒకదానికొకటి బదులిచ్చుకుంటూ పోతే "మీరు ముందంటే మీరు ముందు" అని గుమ్మంలో నిలబడిపోయిన వియ్యంకుల్లాగా తెల్లవార్లూ అదే పని. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 3834 అనే ఇంటర్నెట్ పత్రం కూడా, యంత్రం పంపిన జవాబుకు యంత్రం బదులివ్వకూడదనే చెబుతుంది.

ఇక అనువాదకులకు ఈ విషయంలో మరచిపోలేని కథ ఒకటుంది. 2008లో వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో, భారీ లారీలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టడానికి ఇంగ్లీషు వాక్యాన్ని వెల్ష్ అనువాదానికి పంపారు. వెంటనే వెల్ష్‌లో మెయిల్ వచ్చింది. అదే అనువాదమనుకుని బోర్డు మీద రాయించి రోడ్డు పక్కన నిలబెట్టారు. అందులో ఉన్నది: "ప్రస్తుతం నేను ఆఫీసులో లేను. అనువదించవలసిన పని ఏమైనా ఉంటే పంపండి." నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాక నాకు తోచింది ఒక్కటే: ఆ జవాబు చదవవలసిన మనిషికి తెలిసిన భాషలో లేదు. నా ఇంగ్లీషు జవాబు ప్రచురణకర్త గారికి చేసిందీ అదే.

అందుకే ఇప్పుడు పైన తెలుగు, కింద ఇంగ్లీషు. తెలుగులో ఎలా రాయాలన్నది వేరే చిక్కు. "కార్యాలయం వెలుపల ఉన్నాను" అంటే మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నట్టుంది. "అందుబాటులో లేను" అంటే ఫోనులో వినిపించే గొంతు గుర్తొస్తుంది. చివరికి పలక మీది మాటే తీసుకున్నాను.

"ఊళ్లో లేను. జనవరి 21, బుధవారం ఉదయం నుంచి మళ్లీ పని మొదలుపెడతాను. ఈలోగా మెయిల్ చూడను. ప్రూఫుల్లో తొందర ఉంటే నా సహచరి చూస్తారు, ఆవిడ మెయిల్ కింద ఉంది."

ఇది ఈ సంక్రాంతికి పెట్టింది. నెల అక్షరాల్లో, పక్కన వారం. ఆవిడను ముందే అడిగి ఒప్పించాను, అడగకుండా పేరు రాస్తే స్నేహం చెడుతుంది. సబ్జెక్టులో కూడా తేదీ పెట్టాను, ఫోనులో చాలామంది అక్కడివరకే చూస్తారు. సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ అట్టడుగున "వెకేషన్ రెస్పాండర్" ఉంటుంది. అక్కడ చివరి తేదీ గడి తప్పకుండా నింపండి, ఆ రోజు రాత్రి 11:59కి పలక దానంతటదే తుడుచుకుంటుంది. నేను 20 పెట్టాను. పరిచయస్తులకు మాత్రమే జవాబు పంపే వీలు కూడా ఉంది కానీ నేను వాడను. కొత్తగా పని తెచ్చేవారు ఆ జాబితాలో ఉండరు కదా. ముక్కూమొహం తెలియనివారికి కూడా వెళ్తుంది కాబట్టే, ఇంటిల్లిపాదీ ఊరెళ్తున్నామని మాత్రం రాయను. పెళ్లి అనీ పండగ అనీ కారణం కూడా తీసేశాను.

పెట్టగానే భర్త మెయిల్ నుంచి ఒకటి పంపి సరిచూసుకున్నాను. భోగి నాడు ప్రచురణకర్త గారికి మొదటి జవాబు వెళ్లింది. యంత్రం రాసిందని తెలిసి రాశారో, తెలియక రాశారో, దానికి ఆయన బదులు కూడా పంపారు: "సరేనమ్మా, క్షేమంగా వెళ్లి రండి. ఈసారి ఎవరి పెళ్లి?"