మూడు గ్లాసుల శిక్ష

శనివారం, నాన్‌జింగ్, చైనా

ఈ రోజు మధ్యాహ్నం పక్కింట్లో భోజనం. పక్కింటావిడను ఆయీ అంటాను, ఇక్కడ అమ్మ వయసు వాళ్ళను అలాగే పిలుస్తారు. టేబుల్ నిండా వంటలే: ఈ ఊరికి పేరు తెచ్చిన ఉప్పునీటి బాతు, ఆవిరి మీద ఉడికించిన చేప, టోఫు, ఆకుకూరలు, సూపు. అన్నీ పెట్టాక "పెద్దగా ఏం చెయ్యలేదు, ఏమనుకోకు" అంది. చేప చాలా బాగుందంటే "నాలి నాలి" (అంతేం లేదులే) అని కొట్టిపారేసి, ఉప్పు ఎక్కువైందేమో అని తనే ఒక వంక పెట్టింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

అంకుల్ పాత స్నేహితుడు ఒకాయన బాగా ఆలస్యంగా వచ్చాడు. ట్రాఫిక్ ఊసెత్తలేదు. కూర్చోకముందే "త్స ఫా సాన్ పెయ్" అన్నాడు, ఆలస్యానికి శిక్షగా తనే మూడు గ్లాసులు తాగుతానని. చిన్న గ్లాసులే గానీ అందులో ఉండేది బైజ్యూ అనే ఘాటైన చైనా సారా, గొంతు మండిస్తుంది. మొదటిది గుటుక్కున మింగి రెండోది అందుకోగానే అంకుల్ ఆయన చెయ్యి పట్టుకుని, "ముందు రెండు ముక్కలు తిను, ఖాళీ కడుపు" అని కూర్చోబెట్టాడు. తర్వాత గ్లాసులు తాకించేటప్పుడు ఆయన గౌరవంగా తన గ్లాసు అంచు కిందికి దించితే, అంకుల్ ఇంకాస్త దించాడు. అలా పోటీపడి రెండూ టేబుల్‌కి ఆనేదాకా వచ్చాయి.

నాకు చైనావాళ్ళలో బాగా నచ్చేది ఇదే. ఒకరు తగ్గితే, రెండోవాళ్ళు వెంటనే లేపుతారు. ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా ఛియన్ రాసిన, అప్పటి జావ్ రాజ్యపు సేనాని లియెన్ పో కథా అంతే. తనకంటే పై పదవి దక్కిందని మంత్రి లిన్ షియాంగ్రూ మీద కక్ష కట్టాడు. తప్పు తెలిశాక చొక్కా విప్పి, వీపున ముళ్ళకర్రలు కట్టుకుని ఆయన గుమ్మానికి వెళ్ళాడు. షియాంగ్రూ ఆ కర్రలతో కొట్టలేదు, ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. ఇప్పటికీ పెద్ద తప్పుకు క్షమాపణ అడిగేటప్పుడు ముళ్ళు మోసుకొచ్చాననే అంటారు. మెట్రోలో భుజం తగిలితే మాత్రం "బు హావ్ ఇస్" (క్షమించండి) చాలు, అవతలివాళ్ళు "మెయ్ షర్" (పర్లేదు) అనేసి వెళ్ళిపోతారు.

భోజనాలయ్యాక ఆయీ కూతురు గుజెంగ్ అనే తీగల వాద్యం వాయించింది. నేను మెచ్చుకుంటే ఈ కాలం పిల్లల్లాగే హాయిగా థాంక్స్ చెప్పింది. ఆయీ వెంటనే "ఏం వాయించిందిలే, ఇంకా చాలా నేర్చుకోవాలి" అంది. పిల్ల ముఖం చిన్నబోయింది. అది నాకు నచ్చలేదు. ఎవరి గురించి వాళ్ళు తగ్గించి చెప్పుకుంటే అందమే, పిల్లల్ని అతిథుల ముందు తగ్గించడం ఎందుకు? ఆయీతో ఏమీ అనలేక, ఇంకొకటి వాయించమ్మా అని ఆ అమ్మాయినే అడిగాను.